స్టేషన్లో ఉడికిన ఖీమా ఉండలు

ఆ రోజుల్లో సిరిసిల్లలో దేనికీ ఒక వేళంటూ ఉండేది కాదు. కరెంటు ఎప్పుడు పోతుందో, అడవిలో ఉండే అన్నలు ఏ రోజు బందుకు పిలుస్తారో, పోలీసులు ఏ మలుపులో బస్సు ఆపి అందరినీ దింపి సంచులు విప్పిస్తారో ముందుగా తెలిసేది కాదు. అట్లాగని ఎవరూ బతకడం ఆపుకోలేదు. సంబంధాలు కుదిరాయి, చెడ్డాయి, మళ్ళీ కుదిరాయి. సాంచెలు (మరమగ్గాలను మా ఊళ్ళో ఇప్పటికీ అట్లాగే అంటారు) కరెంటు ఉన్నంతసేపు ఊరు అదిరేటట్టు మోగాయి. లేనంతసేపు వాటిని నడిపేవాళ్ళు హోటళ్ళలో చాయ తాగారు. నేను డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతూ, ఇంగ్లీషు మీడియం కాబట్టి మా వాడలో నాకన్నా తెలివిగలవాళ్ళు లేరని నమ్ముతూ తిరిగాను. ఆ వయసులో అందరూ ఏదో ఒకటి నమ్ముతారు. నాది కాస్త గట్టి నమ్మకం. మా మేనమామ పెట్టిన విందు గురించి చెప్పేటప్పుడు దాన్ని కూడా చెప్పక తప్పదు, ఎందుకంటే ఆ ఆదివారం జరిగిన అనర్థాల్లో నా ఇంగ్లీషు వాటా తక్కువేమీ కాదు.

మా ఇంట్లో అమ్మ, బాపు, నేను, అమ్మమ్మ ఉండేవాళ్ళం. బాపు అంటే మా నాన్న. సర్కారు బడిలో టీచరు. ఇంట్లో మాట పెరిగే సూచన కనబడగానే పాన్ తెస్తానని బయటికి పోయే మనిషి. అమ్మమ్మ వాళ్ళది రుద్రంగి అవతల ఒక ఊరు. ఒకప్పుడు ఆ ఊరికి వాళ్ళే దొరలు. పొలాల్లో ఎర్ర జెండాలు పాతి, కూలివాళ్ళు వాళ్ళ కోట లాంటి గడి ముందు నుంచి చెప్పులు విడవకుండానే నడిచిపోవడం మొదలయ్యాక, అప్పటికే తాతయ్య లేని అమ్మమ్మ ఒక ట్రంకుపెట్టెతో మా అద్దె ఇంటికి వచ్చేసింది. (మావాళ్ళు ఈ సంగతి చెప్పేటప్పుడు అన్నీ వదులుకొని వచ్చామంటారు. ఆ ఊరివాళ్ళను అడిగితే ఇంకోరకంగా చెబుతారు. వాళ్ళు చెప్పేది కూడా నిజమే.) మూడు గదుల ఇంట్లో కూడా ఆమె దొరసాని లాగే ఉండేది. మంచం మీద కూర్చుని "ఎవలే ఆడ" అని పిలిచేది. గడిలో ఆ పిలుపుకు మనుషులు పరుగెత్తుకొచ్చేవారట. ఇక్కడ నేనొక్కదాన్నే, అదీ రెండో పిలుపుకు.

ఆమె ఒక్కగానొక్క కొడుకు మా మామ. చదువు మధ్యలో వదిలేసి, కోరుట్ల ఏజెంటు ఒకడిని పట్టుకుని దుబాయి పోయాడు. అక్కడేం పని అని ఎవరు అడిగినా అమ్మమ్మ, కంపెనీలో ఆఫీసరు, కూర్చున్న చోటికే చాయ వస్తుంది అని చెప్పేది. ఆ మాట మామ ఎప్పుడు చెప్పాడో, అసలు చెప్పాడో లేదో మాకు తెలియదు. ఉన్న గొప్పంతా పోయిన ముసలామె దగ్గర ఆ ఒక్కటీ లాక్కోవడానికి ఎవరికీ మనసొప్పలేదు, అంతే.

ఆ యేడు ఎండలు ముదురుతున్న రోజుల్లో మామ సెలవు మీద వచ్చాడు. దుబాయి నుంచి వచ్చే మామలందరి లాగే దుప్పట్లు, టేపు రికార్డరు, సెంటు సీసాలు తెచ్చాడు. వాటితోపాటు పాత బనియన్లలో చుట్టిన ఒక గుండ్రటి కుండ కూడా అట్టపెట్టెలోంచి తీశాడు. లోపల నున్నటి పింగాణీ, బయట రేకు, పక్కన ఒక మీట, వెనక నల్లటి వైరు, పైన గాజు మూత. దీన్ని స్లో కుక్కర్ అంటారని, పొద్దున అన్నీ వేసి మీట తిప్పితే సాయంత్రానికి దానంతటదే ఉడుకుతుందని చెప్పాడు. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మన పొయ్యి మీద గంటలో అయ్యే పనికి పొద్దంతా పట్టే మిషను కోసం దుబాయి దాకా పోవాలా తమ్మీ అని అడిగింది. అమ్మమ్మ మాత్రం, ఆఫీసర్ల ఇండ్లలో అన్నీ నెమ్మదిగానే అవుతాయని తీర్పు చెప్పింది.

అదే వారం జగిత్యాల నుంచి సంబంధం వచ్చింది. పిల్ల తండ్రి అక్కడ పేరున్న వకీలు. ఇంటినీ పిల్లవాడినీ చూసుకోవడానికి ఆదివారం సాయంత్రం వకీలు, ఆయన అక్క జీపులో వస్తామని కబురు చేశారు. ఆ ఇంట్లో చివరి మాట ఆ అక్కదేనని, తల్లిలేని పిల్లను పెంచింది ఆమేనని మధ్యవర్తి ముందే హెచ్చరించాడు. ఫొటో అడిగితే, మా ఇంటి పిల్లగాని ఫొటో ఊరూరా తిప్పుతమా అని అమ్మమ్మ పంపనివ్వలేదు. అందువల్ల వాళ్ళు మామను చూడలేదు, మామ వాళ్ళను చూడలేదు. ఇంతవరకు బాగానే ఉంది. అప్పుడు మామ, భోజనం కన్నా ముందు వాళ్ళకు 'స్టార్టర్' పెడదామన్నాడు. అప్పట్లో మాకు తెలిసిన స్టార్టరు ట్యూబులైటుది. అన్నానికి ముందు తినే చిన్న తిండి అని, దుబాయిలో పెద్ద పార్టీల్లో మొదట అదే వస్తుందని, ఖీమా ఉండలు చేసి తియ్యగా కారంగా ఉండే రసంలో నెమ్మదిగా ఉడికించి, ఒక్కో ఉండకు పుల్ల గుచ్చి చేతికిస్తారని మామ ఓపిగ్గా వివరించాడు. మాంసం లడ్డూలా అని అమ్మమ్మ అడిగింది. దాదాపు అంతే అన్నాడు.

కుక్కరుతో పాటు వంటల పుస్తకం ఒకటి వచ్చింది, ఇంగ్లీషులో. మాంసం పని మామ చూసుకుంటానన్నాడు. రసం పని, పుస్తకం చదవగలిగిన ఏకైక మనిషిగా, నేను తీసుకున్నాను. మొదటి అడుగులోనే 'గ్రేప్ జెల్లీ' అడ్డం వచ్చింది. నేను జెల్లీ ఎన్నడూ చూడలేదు, కానీ ఆ మాట ఒప్పుకునే వయసు కాదు. నల్ల ద్రాక్షపండ్లు చక్కెరతో ఉడికించి పాకం పట్టించాను. ఇల్లంతా జాతరలో మిఠాయి దుకాణంలా వాసన కొట్టింది. 'చిల్లీ సాస్' అన్నచోట అమ్మ ఎండు మిరపకాయలు, ఎల్లిపాయలు, టమాటాలు కలిపి నూరింది. చివర 'సీజన్ టు టేస్ట్' అని ఉంది. సీజన్ అంటే రుతువు కాబట్టి, రుచి రావాలంటే సరైన రుతువులో చేయాలని నేను అర్థం చెప్పాను. ఎండాకాలం సరైనదేనా అని అమ్మ అడిగింది. సరైనదేనని భరోసా ఇచ్చాను. ఆ మాటకు ఉప్పు చూసి వేసుకోమని అర్థమని నాకు తెలిసేసరికి చాలా సంగతులు జరిగిపోయాయి.

శనివారం సాయంత్రం మామ వంటింట్లో పీట వేసుకుని కూర్చుని ఖీమా ఉండలు చేయడం మొదలుపెట్టాడు. చేతికి నూనె రాసుకుని, ఎడమ చేత్తో ముద్ద తుంచి, కుడి అరచేతిలో ఒక్క తిప్పు తిప్పి పళ్ళెంలోకి జారవిడుస్తున్నాడు. చూపు మా మీదే ఉంది, మాట మాతోనే ఉంది, ఉండలు మాత్రం అన్నీ ఒకే కొలతలో వరసగా పడుతున్నాయి. అమ్మ గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. కుర్చీలో కూర్చునే ఆఫీసరు చేతులు కావని ఆమెకు అర్థమైంది. అమ్మమ్మ వినకుండా తలుపు దగ్గరికి వేసి, నిజం చెప్పమంది. మామ చెయ్యి ఆపకుండానే చెప్పాడు.

"ఆఫీసు లేదు, ఏం లేదక్కా. కంపెనీ క్యాంపుల వంటోన్ని. కేరళోళ్ళు, పాకిస్తానోళ్ళు, మనోళ్ళు, అందరు నా చేతి కూడే తింటరు. గా పని నాకు మంచిగనే అనిపిస్తది. అమ్మకెట్ల చెప్పాల్నో తెల్వక ఊకున్న."

అమ్మ గరిటె కింద పెట్టింది. గడిలో వంటవాళ్ళు పెరటి అరుగు ఎక్కి పైకి వచ్చేవాళ్ళు కాదని, ఆ అరుగు మీద నిలబడి అమ్మమ్మ వాళ్ళకు పనులు చెప్పేదని నాకు అమ్మే ఎన్నోసార్లు చెప్పింది. చివరికి, పెళ్ళయ్యాక నెమ్మదిగా చెబుదామని, ముందు జగిత్యాలవాళ్ళ దగ్గర నోరు విప్పవద్దని తమ్ముడి దగ్గర మాట తీసుకుంది. మామ సరేనన్నాడు. కాలేజీలో అప్పటికే నా స్నేహితురాళ్ళందరికీ మా మామ దుబాయిలో ఆఫీసరని చెప్పి ఉన్నాను కాబట్టి ఆ నిర్ణయాన్ని నేను మనస్ఫూర్తిగా బలపరిచాను.

ఆదివారం పొద్దున్నే కుక్కరు ఎక్కించాం. దాని ప్లగ్గుకు పలక లాంటి మూడు కాళ్ళుంటే మా గోడకు గుండ్రటి రంధ్రాలున్నాయి. మామ ప్లగ్గు కోసేసి, వైర్ల చివరలు గీకి, రంధ్రాల్లో దూర్చి అగ్గిపుల్లలతో బిగించాడు. (అప్పట్లో మా ఊళ్ళో సగం సామాన్లు అగ్గిపుల్లల మీదే నడిచేవి.) ఎర్ర లైటు వెలిగింది. మూత ఎత్తవద్దని పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసి ఉందని నేను ప్రకటించాను. ప్రకటన పూర్తికాకముందే అమ్మమ్మ ఎత్తి చూసింది. తరువాత అమ్మ ఎత్తింది. బాపు పాన్ తెచ్చి, పోయినవాడు పోయినట్టే ఉండక, ఎత్తి చూశాడు. పాకం గోరువెచ్చగా కదలడం మొదలవుతుండగా కరెంటు పోయింది.

పోయిన కరెంటు కోసం కాసేపు చూశాం. పొయ్యి మీద పెడదామని అమ్మ అంది. పింగాణీ కుండ మంట మీద పగిలిపోతుందని మామ అన్నాడు. ఇంకో గిన్నెలోకి మారుస్తే ఉండలు చితికిపోతాయట. అప్పుడు వెనక వాడలో సాంచెల చప్పుడు వినబడింది. అంటే ఆ లైనుకు కరెంటు ఉంది. ఆ షెడ్డు మా పక్కింటి ఆసామిది. ఆయన్ని నేను సాంచెల మామ అనేదాన్ని. నేను, మా మామ కుండను దుప్పటిలో పెట్టుకుని పరుగున పోతే, ఆయన ఏమిటని కూడా అడగకుండా ఒక మూల జాగా చూపించాడు. అగ్గిపుల్లలు కూడా ఆయనే ఇచ్చాడు. కానీ సాంచెలు నడుస్తుంటే అక్కడ నేలే ఊగుతుంది. కుండ తనంతట తాను గోడ వైపు నడిచిపోతుంటే నేను రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. సాంచెలు నడిపేవాళ్ళు ఒక్కొక్కరే పోగు తెగిన వంకతో వచ్చి మూత ఎత్తి చూసి పోయారు. ఎవరినీ ఆపలేకపోయాను, ఆ మోతలో నా ఇంగ్లీషే కాదు, తెలుగు కూడా వినబడదు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి సాంచెలన్నీ ఒక్కసారిగా ఆగాయి. అక్కడా కరెంటు పోయింది.

ఊళ్ళో ఎప్పుడూ కరెంటు పోని చోటు ఒకటుంది. పోలీస్ స్టేషను. అన్నల భయానికి దాని చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి, ముళ్ళకంచె కట్టి, లైట్లు ఆరకుండా పెద్ద జనరేటరు పెట్టారు. మామ ఆ వైపు చూడగానే సాంచెల మామకు అర్థమైంది. ఆయన మమ్మల్ని పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పాడు.

"ఆడికి పోయినోన్ని రేపు అన్నలు అడుగుతరు, ఎందుకు పోయినవని. ఈడ ఎవలు ఎవలి మనిషో నాకే తెల్వది. జర ఆలోచన జెయ్యి."

మామ ఆలోచించాడు. తరువాత షెడ్డు మధ్యలో నిలబడి, అందరికీ వినబడేటట్టు, కూర ఉడకబెట్టుకోవడానికి ఠాణాకు పోతున్నానని, ఇంకో పనేమీ లేదని, కావాలంటే ఎవరైనా వెంట రావచ్చని చెప్పాడు. ఎవరూ రాలేదు. నేను మాత్రం పోయాను. ధైర్యమని చెప్పుకోను, రసం నాది కాబట్టి కుండను వదలబుద్ధి కాలేదు.

గేటు దగ్గర కాపలా పోలీసుకు మేమెట్లా కనబడ్డామో ఇప్పుడు ఊహిస్తే అతని మీద జాలి కలుగుతుంది. దుబాయి టీషర్టు వేసుకున్న మనిషొకడు, జడ వేసుకున్న పిల్లొకతె, మధ్యలో దుప్పటి, దుప్పటిలో రేకు డబ్బా, డబ్బా నుంచి వేలాడుతున్న రెండు వైర్లు. అతను తుపాకీ ఎత్తాడు. అది కింద పెట్టి దూరం జరగమన్నాడు. కింద పెడితే మూత ఊడుతుందని మామ చెప్పాడు. అది అతనికి ఇంకోలా అర్థమైనట్టుంది, రెండడుగులు వెనక్కి వేశాడు. అప్పుడు నేను చంకలోని వంటల పుస్తకం తెరిచి, పైకి, ఇంగ్లీషులో చదవడం మొదలుపెట్టాను. ఆ చప్పుడుకు లోపలి నుంచి ఎస్సై, ఆయన వెనక మీసాల హెడ్డు కానిస్టేబులు బయటికి వచ్చారు. హెడ్డుది కోరుట్ల. దుప్పటి తొలగించి చూసి, నవ్వు ఆపుకుంటూ చెప్పాడు.

"సార్, గిది దుబాయి కుండ. మా తమ్ముడు గూడ తెచ్చిండు. ఏందో తెల్వక మేం దాంట్ల కందిపప్పు పోసుకుంటున్నం."

ఆ కందిపప్పే మమ్మల్ని కాపాడింది. ఎస్సై కాసేపు మమ్మల్నిద్దరినీ, కుండనూ చూసి, లోపలికి రానిచ్చాడు. వైర్లెస్సు సెట్టు పక్కన, గోడకు తుపాకులు వరసగా ఆనించిన గదిలో, మా కుక్కరు ఎర్ర లైటు మళ్ళీ వెలిగింది. మూత ఎత్తవద్దని నేను మళ్ళీ చెప్పాను. పోలీసులతో చెప్పడం వల్ల వచ్చే లాభమేమీ లేదని త్వరలోనే తెలిసింది. డ్యూటీ మారిన ప్రతిసారీ కొత్తగా వచ్చినవాడు ఎత్తి చూశాడు. ద్రాక్షపాకంలో ఎల్లికారం మగ్గి, మాంసం వాసన కలిసి, స్టేషను మొత్తం కమ్ముకుంది. లాకప్పులో ఉన్న కోళ్ళదొంగ కూడా కటకటాల దగ్గరికొచ్చి కూర్చున్నాడు. అప్పుడు మామ గరిటెతో రసం తీసి నాలుక మీద వేసుకుని, నా వైపు తిరిగి, కోడలా, ఇందులో ఉప్పేది అని అడిగాడు. నేను రుతువు గురించి చెప్పబోయి ఎందుకో ఆగిపోయాను. హెడ్డు పోలీసుల మెస్సు నుంచి ఉప్పు తెప్పించాడు. మామ కళ్ళు దాని మీద పెట్టకుండానే వేళ్ళతో చల్లి, ఒక్కసారి తిప్పి, మళ్ళీ రుచి చూసి తలూపాడు.

సరిగ్గా ఆ సమయంలో గేటు దగ్గర ఒక జీపు ఆగింది. బయటి ఊరి బండ్లు వస్తే స్టేషను దగ్గర ఆపి ఎక్కడి నుంచి, ఎక్కడికి అని అడిగే రోజులవి. తెల్ల చొక్కా పెద్దమనిషి ఒకాయన లోపలికి రాగానే ఎస్సై లేచి నిలబడి, వకీలు సాబ్, జగిత్యాల నుంచి ఇంత దూరం ఏంటండీ అని కుర్చీ వేయించాడు. నా గుండె జారి ఆ కుండలోనే పడ్డట్టయింది. మామ కూడా విన్నాడు, గరిటె ఆగింది. వకీలు వాసన పట్టి, ఏమిటిదని అడిగాడు. ఎస్సై ఒక ఉండ తీసి పెట్టించాడు. ఆయన తిన్నాడు. ఇంకొకటి తిన్నాడు. మామను పైనుంచి కింది దాకా చూసి, ఈ చేతివాటం అందరికీ రాదు, ఏం పని చేస్తవు అని అడిగాడు. నేను ఎస్సై వెనక నిలబడి కళ్ళతో, కనుబొమ్మలతో, పెదవులతో, నాకు తెలిసిన అన్ని రకాలుగా 'ఆఫీసర్' అన్నాను. మామ నా వైపు చూశాడు కూడా. చూసి, వకీలు వైపు తిరిగాడు.

"దుబాయిల వంటోన్ని సార్."

వకీలు ఓహో అన్నాడు. మూతి తుడుచుకుని, ఎస్సైకి చెప్పి జీపెక్కి వెళ్ళిపోయాడు. పోలీసుల వాటా పోలీసులకు, కోళ్ళదొంగ వాటా కోళ్ళదొంగకు ఇచ్చి, మిగిలిందాంతో మేం రిక్షా ఎక్కాం. మామ కుండను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వకీలు పోల్చుకోలేదని, చొక్కా మార్చి జుట్టు దువ్వుకుంటే గుర్తుపట్టడని నేను ధైర్యం చెప్పాను. మామ విని, చొక్కా మాత్రం మార్చుకుంటానన్నాడు; ఉన్నదానికి మసాలా మరకలైనాయట.

ఇంట్లో వకీలు, ఆయన అక్క అప్పటికే కూర్చుని ఉన్నారు. అక్క లావుపాటి మనిషి, తక్కువ మాట్లాడి ఎక్కువ చూసే రకం. అమ్మమ్మ పట్టుచీర కట్టుకుని, కొడుకు కింద ఎంతమంది పనిచేస్తారో, మంచినీళ్ళు తాగాలన్నా గంట కొడితే చాలని చెబుతోంది. వకీలు శ్రద్ధగా వింటున్నాడు. మామ లోపలికి వచ్చి నమస్కారం పెట్టాడు. వకీలు మొహంలో ఏ మార్పూ లేదు. నేను లోలోపల ఊపిరి పీల్చుకుని, విస్తళ్ళు కుట్టే పుల్లలు గుచ్చిన ఉండల పళ్ళెం తెచ్చి మధ్యలో పెట్టాను. అక్క ఒకటి తీసుకుంది. అప్పుడు వకీలు, కోర్టులో అడిగినట్టు, చాలా మర్యాదగా, ఆఫీసులో మీరు చేసే పనేమిటో మీ అమ్మగారి ముందే చెబుతారా అని అడిగాడు. 'దుబాయి' అన్న మాట వినీ, నా పెదవుల మీది 'ఆఫీసర్' చూసీ, ఆయన స్టేషన్లోనే అంతా పోల్చుకున్నాడని నాకు అప్పుడు తెలిసింది. బాపు పాన్ కోసం లేచాడు. అమ్మ ఆయన చొక్కా పట్టి కూర్చోబెట్టింది.

మామకు స్టేషన్లో రాని తడబాటు ఇక్కడ వచ్చింది. తల్లి వైపు చూశాడు, నేల చూశాడు. తరువాత చెప్పాడు. ఆఫీసు లేదని, క్యాంపులో వంట తన కొలువని, ఈ ఉండలు కూడా తానే చేశానని, అమ్మకు ఈ సంగతి తెలియదని, తప్పు ఆమెది కాదని. అక్క నమలడం ఆపలేదు. అమ్మమ్మ మంచం కోడు పట్టుకుని కూర్చుంది. ఆమె ఇప్పుడేమంటుందో అని నాకు వకీలు కన్నా ఎక్కువ భయం వేసింది. ఆమె కొడుకు చేతుల వైపు చూసింది. అప్పుడడిగింది.

"గంతమందికి నువ్వు పెడుతవు. మరి నీకెవలు పెడ్తరు కొడుకా, ఆడ?"

మామ పోయి ఆమె పక్కన మంచం అంచున కూర్చున్నాడు. అమ్మ పైటతో మొహం తుడుచుకుంది. వకీలు గొంతు సవరించుకుని, ఇన్నేళ్ళ వకాల్తాలో పోలీస్ స్టేషన్లో ఎవరూ అడగని నిజం చెప్పినవాళ్ళను ఒక్కరిని కూడా చూడలేదని, ఈ రోజు చూశానని, అందుకే ఇంటిదాకా వచ్చానని, లేకుంటే జీపు అటునుంచి అటే తిప్పేవాణ్ణని అన్నాడు. (అడిగిన నిజమే కదా అని నాకు తోచింది కానీ వకీలును సరిదిద్దే సమయం కాదు.) ఇక మిగిలింది అక్క. ఆమె పుల్లలన్నీ పళ్ళెం అంచుకు వరసగా పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి, నెమ్మదిగా కూర్చుంది.

"మా పిల్లకు చాయ పెట్టుడు గూడ రాదు. నేనే నేర్పలే, సదువుకోనిచ్చిన. ఆ ఇంట్ల ఎవలో ఒకలకు పొయ్యికాడి పని రావాలె గదా. నాకైతే నచ్చిండు."

పెళ్ళి ఆ సెలవులోనే జరిగింది. అమ్మమ్మ ఆ తరువాత కూడా కొడుకును ఆఫీసరనే చెప్పింది కానీ, వంట ఆఫీసరని చిన్న సవరణ చేసింది. సాంచెల మామ భయపడ్డట్టే, కొన్నాళ్ళకు చాయ హోటల్లో ఒక కుర్రాడు మామ పక్కన కూర్చుని, ఆ రోజు ఠాణాలో ఏం చెప్పి వచ్చారని తగ్గు గొంతుతో అడిగాడట. మామ ఖీమా కడగడం దగ్గర నుంచి పుల్ల గుచ్చడం దాకా మొత్తం చెప్పాడు. కుర్రాడు చివరిదాకా విని, ద్రాక్షపండ్లు దొరకని చోట వాటి బదులు ఏం వేయొచ్చని అడిగాడు. మామ చింతపండు, బెల్లం అని చెప్పాడు. ఆ కుర్రాడు మళ్ళీ కనబడలేదు. ఎక్కడున్నా ఒక్కసారైనా వండుకుని తిని ఉంటాడని మామ ఇప్పటికీ అంటాడు, ఆ మాట అనేటప్పుడు కాస్త మెల్లగా అంటాడు.

మామ దుబాయి వదిలేసి వచ్చి చాలా ఏళ్ళయింది. కోరుట్లలో కేటరింగు నడుపుతున్నాడు. మొన్నామధ్య మెట్‌పల్లిలో ఒక రిసెప్షనుకు పోతే అక్కడ వంట ఆయనదే. మోకాళ్ళ నొప్పితో నేనొక కుర్చీలో కూలబడితే, చేతులకు గ్లోవ్సు వేసుకున్న పిల్లవాడొకడు ట్రే తెచ్చి, మేడం, మీట్ బాల్స్ అన్నాడు. పక్క కుర్చీలో కూర్చున్న మా ఇంటి కొత్త కోడలితో, వీటిని నేనొకసారి తుపాకుల మధ్య కూర్చుని ఉడికించానని చెప్పాను. ఆ అమ్మాయి మర్యాదగా నవ్వి ఫోను చూసుకుంది. నమ్మలేదు. ఆమెను తప్పు పట్టను. ఇప్పుడు రోడ్డు మీద ట్రాఫిక్ కానిస్టేబులు చెయ్యెత్తితేనే లైసెన్సు ఏ సంచిలో ఉందో నాకు గుర్తు రాదు, నోట మాట రాదు. తుపాకీ ఎత్తిన మనిషి ముందు నిలబడి వంటల పుస్తకం పైకి చదివిన ఆ జడ పిల్ల మీద నాకే సరైన నమ్మకం లేదు. అయినా ట్రే దగ్గరికి రాగానే రెండు పుల్లలు తీసుకున్నాను. ఒకటి నాకు, ఒకటి ఆమెకు.